స్కాలర్‌షిప్ పడ్డదా?

హన్మకొండ కాలేజీల్లో చదివినోళ్ళు ఎక్కువసార్లు విన్న ప్రశ్నలు రెండే. ఒకటి "తిన్నవా?", రెండోది "స్కాలర్‌షిప్ పడ్డదా?" మొదటిదానికి జవాబు రెండోదాని మీద ఆధారపడిన నెలలు చాలానే ఉండేవి.

నిజానికి "పడటం" అనే మాట బ్యాంకు ఖాతాలు వచ్చాక పుట్టింది. అంతకుముందు స్కాలర్‌షిప్ "ఇచ్చేవాళ్ళు". కాలేజీ నోటీసు బోర్డు మీద చేత్తో రాసిన లిస్టు కనబడేది. వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ రోల్ నంబర్ వెతుక్కోవాలి. ఆఫీసు కిటికీ ముందు వరుస, కిటికీ లోపల స్కాలర్‌షిప్ క్లర్కు, ఆయన ముందు పొడవాటి ఎక్విటెన్స్ రిజిస్టరు, అంటే పైసలు ముట్టినట్టు దస్కతు పెట్టే పుస్తకం. పేరు, తరగతి, ఎన్ని నెలలకు ఎంత, ఆఖరి గడిలో రెవెన్యూ స్టాంపు. స్టాంపు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. తేనివాణ్ణి వరుసలోంచి తీసేస్తారు. అందుకే తెలివైనవాళ్ళు పర్సులో ఐడీ కార్డు వెనక రెండు స్టాంపులు ఎప్పుడూ పెట్టుకునేవాళ్ళు. చెమటకు అవి కార్డుకే అతుక్కుపోవడం కూడా మామూలే.

స్టాంపును నాలుకకు తడి చేసి గడిలో అంటించాక సంతకం ఎట్లా పెట్టాలో క్లర్కు ప్రతి ఒక్కరికీ విసుక్కుంటూ చెప్పేవాడు: "దస్కతు సగం స్టాంపు మీద, సగం కాయితం మీద పడాలె." ఎందుకో మాత్రం చెప్పేవాడు కాదు. స్టాంపు మీదుగా గీత పోతే ఆ స్టాంపు రద్దయినట్టు, మళ్ళీ పీకి ఇంకోచోట అంటించడానికి ఉండదు. మొత్తం సంతకం స్టాంపు మీదే పెట్టినా, స్టాంపు పక్కన ఖాళీలో పెట్టినా ఆడిటోళ్ళు ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి ఆక్షేపణ రాస్తారు. అప్పుడు ఆ పిల్లవాణ్ణి ఊరి నుంచి పిలిపించి మళ్ళీ పెట్టించాలి. క్లర్కు విసుగు వెనక ఉన్న సంగతి ఇదీ.

ఆ సంతకం దాకా రావడానికి ఆరేడు నెలలు పట్టేది. మొదటి మెట్టు ఆదాయం సర్టిఫికెట్. 1985లో మండలాలు వచ్చేదాకా పట్వారి, గిర్దావర్, తహసీల్దారు అనే మూడు గడపలు. మండలాలు వచ్చాక తహసీలుకు పోయే దూరం తగ్గింది గానీ గడపలు తగ్గలేదు. పట్వారి పోయి వేరే పేరుతో ఇంకొకాయన వచ్చాడు. గిర్దావర్‌కు ఆర్.ఐ. అని పేరు పెట్టినా జనం గిర్దావర్ అనే పిలిచారు, ఇప్పటికీ పిలుస్తారు. కులం సర్టిఫికెట్ ఒకసారి తీసుకుంటే నడుస్తుంది. ఆదాయానిది మాత్రం ఏడాదికొకసారి కొత్తది కావాలి. ఈ తేడా తెలియక పోయినేటిది జిరాక్స్ తీసి పెట్టినవాళ్ళ ఫారాలే ముందు వెనక్కి వచ్చేవి.

రెండో మెట్టు అటెస్టేషన్. ప్రతి జిరాక్స్ మీద గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరా సంతకం, గుండ్రటి ముద్ర. పెద్ద ఆఫీసర్ల దగ్గరికి పోవడానికి భయపడే పిల్లలకు దిక్కు ముగ్గురే: సర్కారు జూనియర్ కాలేజీ లెక్చరర్, దవాఖాన డాక్టరు, పశువుల డాక్టరు. పరకాల, నర్సంపేట, ములుగు వైపు ఎన్ని డిగ్రీలకు పునాదిరాయి పశువుల దవాఖానలో పడిందో లెక్క తీస్తే నవ్వొస్తుంది. బర్రెకు సూది వేసి, చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే పది కాయితాల మీద సంతకాలు. సిరా అక్కడక్కడ అలుక్కుపోయేది. అలుక్కుపోయినా నడిచేది. ముద్ర లేకపోతేనే నడవదు.

ఇక పైసలు వచ్చే కాలం. ఈ విషయం దగ్గర కొంచెం ఆగాలి. స్కాలర్‌షిప్ గురించి మాట్లాడేవాళ్ళు ఎంత అనేదే చూస్తారు, ఎప్పుడు అనేది చూడరు. కాలేజీలు తెరిచేది జూన్, జూలైలలో. సరిగ్గా అప్పుడే తొలకరి పడుతుంది. పత్తి గింజలు, ఆ వెనకే డీఏపీ, యూరియా. వరంగల్, కరీంనగర్ పల్లెల్లో రైతు చేతిలో పైస ఆడని నెలలు ఏవంటే ఇవే. పత్తి ఏరి ఎనుమాముల మార్కెట్‌కు తోలేది దసరా దాటాక. మిర్చి అయితే సంక్రాంతి దాటాకే. అంటే అడ్మిషన్ ఫీజు, బస్‌పాస్, పుస్తకాలు, హాస్టల్ అడ్వాన్సు అన్నీ ఇంట్లో పైసలు లేని రెండు నెలల్లో వచ్చి పడతాయి. స్కాలర్‌షిప్ ఏమో ఫిబ్రవరి, మార్చి. కొన్నేండ్లు అది కూడా కాదు, పరీక్షలు రాసి ఇంటికి పోయినంక.

ఈ నడుమ ఖాళీని పూడ్చేది మిత్తి. మూడు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు మూడు. జూలైలో పది వేలు తెచ్చి మార్చిలో తిరిగిస్తే ఎనిమిది నెలలకు 2,400. స్కాలర్‌షిప్ పది వేలు అనుకుంటే అందులో దాదాపు నాలుగో వంతు షావుకారు ఇంటికి పోయినట్టే. అదే సొమ్ము జూన్‌లో దాదాపు ఎనిమిది వేలే ఇచ్చినా ఆ ఇంటికి సమానం. కాయితాల మీద ఈ లెక్క ఎక్కడా కనబడదు. పిల్లవాడు చదువు మానేసిన కారణం అడిగితే "ఇంటి పరిస్థితి" అని రాసుకుంటారు. ఆ రెండు మాటల కింద ఉన్నది చాలాసార్లు ఈ ఎనిమిది నెలలే.

హాస్టల్ మెస్ లెక్క తెలిస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. కాలేజీ హాస్టళ్ళలో డివైడింగ్ పద్ధతి నడిచేది. నెలంతా బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు, వంటవాళ్ళ జీతం కలిపి, మొత్తం మెస్ రోజులతో భాగిస్తారు. 120 మంది 30 రోజులు తింటే 3,600 మెస్ రోజులు. ఖర్చు 1,80,000 అయితే రోజుకు 50, మనిషికి 1,500. ముందుగా రాసిచ్చి ఊరికి పోతే ఆ రోజులు తగ్గిస్తారు. చెప్పకుండా పోతే తినకపోయినా తిన్నట్టే. మేడారం జాతర ఏడాది వచ్చిందంటే మాఘమాసంలో నాలుగైదు రోజులు హాస్టల్ ఖాళీ. అందరూ కట్ పెట్టుకుంటారు కాబట్టి తిన్న రోజులు పడిపోతాయి. వంటవాళ్ళ జీతం మాత్రం తగ్గదు. అందుకే జాతర నెలలో మొత్తం బిల్లు తక్కువొచ్చినా రోజు చొప్పున రేటు పెరిగేది. ఎందుకు పెరిగిందని సెక్రటరీతో కొట్లాట. సెక్రటరీ కూడా స్టూడెంటే, కూరగాయల మార్కెట్లో ఆయన టీ తాగిన లెక్క కూడా తీసేవాళ్ళు.

స్కాలర్‌షిప్ రాకముందే మెస్ బిల్లు రెండు నెలలు దాటితే బోర్డు మీద పేరు ఎక్కుతుంది. పేరు ఎక్కినవాడు భోజనాల గంట కొట్టినా గది దాటడు. ఆకలి కంటే ఆ బోర్డే ఎక్కువమందిని ఇంటికి పంపింది.

హాస్టల్ గోడల మీద అంబేద్కర్ ఫొటో లేనిచోటు అరుదు. ఆ ఫొటోలోని మనిషి కూడా స్కాలర్‌షిప్ పిల్లవాడే. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేండ్లకు ఇస్తేనే ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి పోగలిగాడు. తిరిగొచ్చి పదేండ్లు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలని షరతు. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచి ఉంది. హైదరాబాద్ రాజ్యంలో పల్లె పిల్లలకు సర్కారు కంటే ముందు దారి చూపింది ఎక్కువగా హాస్టళ్ళే. 1918లో హైదరాబాద్‌లో పెట్టిన రెడ్డి హాస్టల్ లాంటివి. అదే ఏడాది ఉస్మానియా కూడా మొదలైంది. వరంగల్‌కు ఇంజనీరింగ్ కాలేజీ, మెడికల్ కాలేజీ 1959లో వచ్చాయి. కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో. చదువు హన్మకొండ దాకా వచ్చింది. ఊరి నుంచి హన్మకొండ దాకా వచ్చే ఖర్చే మిగిలింది. 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచినప్పుడు పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి. ఆయన పుట్టింది నర్సంపేట పక్కన లక్నేపల్లిలో. గురుకులంలో స్కాలర్‌షిప్ చేతికి రాదు, అన్నం, మంచం, పుస్తకం రూపంలో వస్తుంది. పైన చెప్పిన జూన్, మార్చి బాధ అందులో లేదు. అది బాగా పనిచేయడానికి ఉన్న కారణాల్లో ఇది చిన్నదేమీ కాదు.

ఇప్పుడు రిజిస్టరు లేదు, స్టాంపు లేదు. ఈపాస్ అనే సర్కారు ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. ఫీజు కింద వచ్చేదాన్ని ఆర్టీఎఫ్ అని, తిండీ ఖర్చుల కింద వచ్చేదాన్ని ఎంటీఎఫ్ అని పిల్లలు నోటికి చెప్తారు. దరఖాస్తు ఆన్‌లైన్, మీసేవలో వేలిముద్ర, కాలేజీ ప్రిన్సిపాల్ లాగిన్, వెరిఫికేషన్ అధికారి, జిల్లా సంక్షేమ శాఖ మంజూరు, ట్రెజరీలో బిల్లు, టోకెన్ నంబర్. టోకెన్ పడ్డదంటే పైసలు వచ్చినట్టు కాదు, వరుసలో నిలబడ్డట్టు. ఫీజు బకాయి ఉంటే కాలేజీలు టీసీ, మెమోలు ఇవ్వకుండా ఆపడం, ఉద్యోగం దొరికిన పిల్లవాడు ఒరిజినల్స్ కోసం అప్పు తేవడం, అదీ ఈ కాలపు కథే. పాత రోజులు మంచివని కాదు. అడ్డంకులు కిటికీ ముందు నుంచి కంప్యూటర్ లోపలికి పోయాయి, అంతే. పాత అడ్డంకికి మొహం ఉండేది, బతిమాలుకోవచ్చు.

కొత్త అడ్డంకుల్లో మొదటిది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఆధార్‌లో ఇంటిపేరు వెనక, ఒక్కోసారి ఒక్క అక్షరమే. సమ్మయ్యకు ఇంగ్లిష్ స్పెల్లింగ్ మెమోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మూడోది. మూడూ ఒకే మనిషివని ఊరంతా ఎరుగు, కంప్యూటర్ ఎరగదు. రెండోది పుట్టిన తేదీ. బడిలో చేర్చుకున్న సారు జూన్‌లో ఏదో ఒక తేదీ వేశాడు. ఆధార్ తీసినప్పుడు అమ్మకు తేదీ గుర్తులేక జనవరి 1 పడింది. ఇట్లాంటప్పుడు మార్చాల్సింది ఆధార్‌ను, మెమోను కాదు. మెమో మార్చాలంటే బోర్డు దాకా పోవాలి. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టేటప్పుడు హెడ్మాస్టరు నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసేవాళ్ళ పేర్ల జాబితా, తయారుచేస్తాడు. ఆ రోజు ఆధార్ కార్డు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకుంటే పదేండ్ల తిప్పలు తప్పుతాయి. చూసుకునేది పదిమందిలో ఒక్కరు.

మూడోది బ్యాంకు. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. మన దగ్గర ఎవరి ఇంట్లో చూసినా ఎస్‌బీహెచ్ పాస్‌బుక్కే ఉండేది. 2020లో ఆంధ్రాబ్యాంక్ యూనియన్ బ్యాంక్‌లో, సిండికేట్ కెనరాలో. 2025 జనవరి 1 నుంచి ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో. కలిసిన కొన్నాళ్ళకు పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చెల్లదు. దరఖాస్తులో పాత కోడే ఉంటే పైసలు ఖాతాలో పడకుండా వెనక్కి వెళ్తాయి. కొందరికి ఖాతానే నిద్రపోతుంది. రెండేండ్లు ఏ లావాదేవీ లేకపోతే ఖాతా పనిచేయదు. 2024 దాకా స్కాలర్‌షిప్ కోసమే తెరిచిన ఖాతాల్లో జరిగింది సరిగ్గా ఇదే.

వేలిముద్ర సంగతి వేరే. మిరప కాయ ఏరి వచ్చిన వేళ్ళను మెషిన్ పట్టదు. ముందురోజు రాత్రి చేతులకు కొబ్బరినూనె రాసి, పొద్దున సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టమని మీసేవ పిల్లలు చెప్తారు. పది వేళ్ళలో ఏదైనా ఫర్వాలేదు. బొటనవేలు ఒక్కదాన్నే అదిమి అదిమి అలసిపోయి వెనక్కి పోయేవాళ్ళున్నారు.

వేళ్ళంటే బీడీలు గుర్తొస్తాయి. నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో చాట ఒళ్ళో పెట్టుకున్న తల్లులు. తునికాకును తడిపి, రేకు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం చుట్టి. ఇరవై అయిదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. ఆ తల్లి పేరు మీద ఉన్న బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు చాలా ఇండ్లలో పెట్టె అడుగున పడి ఉంటుంది. దాని మీద పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఉంది. ఒకటో తరగతి నుంచే. చిన్న తరగతులకు ఏడాదికి వెయ్యి, ఇంటర్‌కు మూడు వేలు, డిగ్రీ, పాలిటెక్నిక్‌కు ఆరు వేలు, ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటివాటికి ఇరవై అయిదు వేలు. కనీసం ఆరు నెలలు పనిచేసి ఉండాలి. దరఖాస్తు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో. కార్డు మీద పేరు పుట్టింటి ఇంటిపేరుతో ఉండి, ఆధార్‌లో అత్తింటి పేరు ఉంటే ఆగిపోతుంది. పెండ్లికి ముందే బీడీలు చుట్టడం మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువ కాబట్టి ఈ చిక్కు కూడా ఎక్కువే.

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్ఎంఎంఎస్ (చదువొచ్చిన పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చే స్కాలర్‌షిప్ పరీక్ష) కథ ఇంకొకటి. 2008లో మొదలైంది. మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, చదువుకు 90. చదువులో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. ఒక్కో పేపరుకు తొంభై నిమిషాలు, అంటే ప్రశ్నకు నిమిషం. రెండింటిలో 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు 32. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదివేవాళ్ళకే, ఇంటి ఆదాయం మూడున్నర లక్షలు దాటొద్దు. మొదట్లో ఏడాదికి ఆరు వేలు, 2017 నుంచి పన్నెండు వేలు. తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేండ్లు, మొత్తం 48 వేలు. పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునేది మొదటి పేపరులో. లెక్కలు వచ్చినవాడు కూడా సిరీస్, అద్దంలో బొమ్మ, దిక్కులు ఎప్పుడూ చేసి ఉండడు. ఒక సారు మూడు నెలలు రోజుకు పదిహేను ప్రశ్నలు చేయిస్తే చాలు, ఆ బడి నుంచి వరసగా పేర్లు వస్తాయి. సారు బదిలీ అయితే ఆగిపోతాయి. ఏ బడికి వస్తోంది, ఏ బడికి ఆగింది చూస్తే ఆ మండలంలో సార్ల బదిలీల చరిత్ర చెప్పొచ్చు. గెలిచాక పోగొట్టుకునేది ఇంటర్‌లో. పదిలో మంచి మార్కులు రాగానే ప్రైవేటు కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి సీటు రాస్తాడు. ప్రైవేటులో చేరితే ఈ స్కాలర్‌షిప్ పోతుంది. చివరి రెండేండ్ల 24 వేలు పోయిన సంగతి ఆ ఇంటికి ఏడాది తర్వాత తెలుస్తుంది.

ఈ సంగతులన్నీ ఊళ్ళోకి ఎట్లా పోతాయంటే, ఒక్కడి ద్వారా. ఊళ్ళో మొదట స్కాలర్‌షిప్ తెచ్చుకున్నవాడు ఫారం నింపడం నేర్చుకుని వస్తాడు. ఆదివారం ఊరికొస్తే గద్దె మీద నలుగురు కాయితాలతో కూర్చుని ఉంటారు. పింఛన్, రేషన్ కార్డు, బ్యాంకు కేవైసీ, పక్కింటి అమ్మాయి పాలిటెక్నిక్. రెండో ఏడాది అదే వాడకట్టు నుంచి ఇద్దరు హన్మకొండ బస్సెక్కుతారు. మొదటివాడి దస్కతు, ఆకుపచ్చ సిరా, జిరాక్సు తిప్పలు రెండోవాడికి ఉండవు. ఏ కిటికీ, ఏ సారు, ఎన్నింటికి పోతే దొరుకుతాడు, అన్నీ ముందే తెలుసు. డబ్బు ఒక్క ఇంటికే వచ్చింది. తోవ మాత్రం వాడకట్టు మొత్తానికి పడింది. అందుకే స్కాలర్‌షిప్ వచ్చిన మొదటి ఇల్లు ఎవరిదో పాతికేండ్ల తర్వాత కూడా ఊరు చెప్తుంది. అమ్మాయిల్లో మొదటామె ఎవరో ఇంకా గట్టిగా చెప్తుంది. ఎందుకంటే ఆమె తర్వాత "ఒక్కదాన్నే ఎట్లా పంపాలె" అనే మాట మళ్ళీ రాలేదు.

ఇప్పుడు పదో తరగతి బ్యాచుల సమ్మేళనాలు ఎండాకాలం సెలవుల్లో ఎక్కడ చూసినా జరుగుతున్నాయి. శాలువాలు, మెమెంటోలు, డీజే. కొన్ని బ్యాచులు మాత్రం స్కాలర్‌షిప్ నిధి పెడుతున్నాయి. నిలబడినవాటి లెక్క సాదా. అయిదు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్, ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 35 వేలు, ఏడుగురికి అయిదు వేల చొప్పున. అసలు ముట్టరు. ఖాతా ఒక్కరి పేరు మీద ఉండదు. ఏడుగురు సభ్యులతో సొసైటీ రిజిస్టర్ చేసుకుని, ఇద్దరి సంతకాలతో నడుపుతారు. నిలబడనివి వాట్సాప్‌లో మొదలై వాట్సాప్‌లోనే ముగుస్తాయి. మొదటేడు ఉత్సాహంగా మొత్తం పంచేస్తారు, రెండో ఏడు ఎవరు ఎంత ఇచ్చారని పేచీ.

ఇంకో పొరపాటు, ఆగస్టు 15న బడిలో స్టేజీ మీద చెక్కు ఇవ్వడం. ఫొటో బాగా వస్తుంది. అప్పటికి ఆ పిల్ల తండ్రి మూడు రూపాయల మిత్తికి తెచ్చి నెలన్నర దాటి ఉంటుంది. జూన్ మొదటి వారంలో, బడి గంట కొట్టకముందు, స్టేజీ లేకుండా ఇచ్చే బ్యాచు ఎక్కడైనా ఉందంటే అందులో ఎవరో ఒకరు మెస్ బోర్డు మీద పేరెక్కినవాడు ఉన్నాడనే లెక్క.